సర్వర్‌కు అమావాస్య సెలవు

సర్వర్ల గదిలో కొత్తగా ఉద్యోగానికి చేరిన పిల్లలు ఎవరైనా నన్ను సలహా అడిగితే ఒకటే చెబుతాను. మిషన్ ఆపితే ఎందుకు ఆపారో, ఎవరు ఆపారో పుస్తకంలో రాయండి. సిగ్గుపడి దాచకండి. నేను దాచాను. దానివల్ల ఒక ప్రాసెసర్‌కు లేని జబ్బు అంటగట్టారు, పాపం తాపీ నది మీద కూడా నింద పడింది, మా అన్న కొలువు ఊడినంత పనైంది.

నేను సూరత్‌లో, ఖటోదరాలోని ఒక చీరల ప్రింటింగు మిల్లులో పనిచేసి రిటైరయ్యాను. మాది సిరిసిల్ల వైపు నేతకారుల కుటుంబం. ఈ ఊరొచ్చిన కొత్తలో పవర్‌లూమ్‌ల మీద నిలబడ్డాను. సాయంత్రాలు కంప్యూటరు నేర్చుకుని, మెల్లగా మిల్లు ఆఫీసులో దూరి, చివరికి సర్వర్ గదికి ఇన్‌ఛార్జినయ్యాను. సర్వర్ అంటే మీకు తెలిసిందే, మిల్లు డిజైన్లూ ఆర్డర్లూ స్టాకూ అన్నీ దాని కడుపులోనే ఉంటాయి. అది ఆగితే మిల్లు ఆగినట్టే. ఇన్‌ఛార్జి అన్న మాట వినడానికి బాగుంటుంది గానీ, ఆ గదిలో ఉన్నది నేనూ, సర్వరూ, ఏసీ, మా ఎలక్ట్రీషియన్ అన్న, అంతే.

అన్నది మా పక్క మండలమే. నాకంటే ముందే సూరత్ వచ్చి ఇరవై ఏళ్లు మగ్గాల మధ్య నిలబడ్డాడు. ఆ చప్పుడుకు కుడి చెవి పోయింది. ఎడమ చెవిని కాపాడుకోవడానికి కరెంటు పని నేర్చుకున్నాడు. కాంట్రాక్టు మనిషి. మా గది చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుందని దాన్ని గుడిలా చూసుకునేవాడు. నిజంగానే చెప్పులు బయట విప్పి వచ్చేవాడు.

ఇక అమావాస్య సంగతి. మా వైపు మగ్గం నేసేవాళ్లు అమావాస్య నాడు మగ్గం ముట్టుకోరు. ఆ రోజు మగ్గాన్ని తుడిచి, కడిగి, అగరొత్తి చూపించి వదిలేస్తారు. సూరత్ పవర్‌లూమ్‌లకు ఆ భాగ్యం లేదు. ఒకసారి మా సర్వర్ పట్టపగలు బిగుసుకుపోయింది. నేను తల పట్టుకుని కూర్చుంటే, అన్న గోడ మీది క్యాలెండర్ కేసి చూశాడు.

“తమ్మీ, ఇయ్యాల అమాస. ఇంటికాడ మగ్గాన్నే ఆపుతం గదా. ఇది రాత్రనక పగలనక నడవబట్టె. జర సేపు పండుకోనియ్యి.”

వేరే దారి లేక ఆపాను. దుమ్ము దులిపి గంట తరవాత తిప్పితే లేడిపిల్లలా లేచింది. అసలు కారణం నాకు తెలుసు. నెలల తరబడి ఆపకుండా నడిపితే ఆ పాత సాఫ్ట్‌వేర్ మెమరీనంతా మింగి కూర్చునేది, ఆపి లేపితే కక్కేసేది. కానీ అన్న ముఖంలోని ఆనందం చూశాక మెమరీ పాఠం చెప్పాలనిపించలేదు. పైనెల అమావాస్యకూ ఆపాం. ఆ పైనెల కూడా ఆపాం. మధ్యలో ఒక్కసారి కూడా మొరాయించలేదు. నిజం చెప్పొద్దూ, నాలుగైదు నెలలయ్యేసరికి నాక్కూడా నమ్మకం కుదిరింది.

మొదటిసారి అన్న గదిలోపలే అగరొత్తి వెలిగించాడు. పొగ గంట మోగి మిల్లు మిల్లంతా రోడ్డు మీదకొచ్చింది. మా మిల్లు యజమాని సేఠ్ చేతికందిన చీరల కట్ట చంకన పెట్టుకుని అందరికంటే ముందు గేటు దాటాడు. ఏసీ వైరు కాలిందని సర్ది చెప్పాను. అప్పటి నుంచి అగరొత్తి వరండాలో, కుంకుమ బొట్టు మాత్రం సర్వర్ వెనక వైపు ఎవరికీ కనపడని చోట.

సేఠ్‌కు చెబితే నవ్వుతాడేమోనని నా భయం. కంప్యూటర్ చదువుకున్నవాడివి, ఇదేం పిచ్చి అంటాడని. అందుకని తెలివి చూపించాను. కంప్యూటర్ నుంచి ఆపితే ఆపినవాడి పేరు రికార్డులో పడుతుంది. అలా పడకుండా, అందరూ భోజనానికి వెళ్లే ఒంటిగంటకు పనులన్నీ భద్రంగా మూసేసి, అన్న చేత వెనక నుంచి వైరు పీకించేవాణ్ణి. రికార్డులో ఏం పడేదంటే, ‘అకస్మాత్తుగా ఆగింది, కారణం తెలియదు’. నాలుగేళ్ల పాటు ప్రతి అమావాస్యకూ అదే మాట పడుతూ వచ్చింది. నా తెలివి నా కొంప ఎలా ముంచిందో ఇక చెబుతాను.

మా సేఠ్‌కు ఊరి పొలిమేరలోని కామ్‌రేజ్‌లో ఒక పోటీదారు సేఠ్ ఉండేవాడు. మేము నెమలి డిజైన్ తీస్తే వారంలో వాళ్ల నెమలి వచ్చేది, రెండు ఈకలు ఎక్కువ పెట్టి. వాళ్లు ఏనుగు తీస్తే మేము ఏనుగు పిల్లను తీసేవాళ్లం. ఇలా కొట్టుకుని కొట్టుకుని అలసిపోయి, ఒకనాడు ఇద్దరూ కంపెనీలు కలిపేస్తున్నామని ప్రకటించారు. లడ్డూలు పంచారు. మా లడ్డూలో జీడిపప్పు తక్కువైందని వాళ్ల మిల్లువాళ్లు, వాళ్ల లడ్డూ గట్టిగా ఉందని మావాళ్లు. విలీనం అలా శుభప్రదంగా మొదలైంది.

అన్నీ కలిశాయి గానీ సర్వర్లు కలవలేదు. మా దానిలో నీలం స్టిక్కరున్న ప్రాసెసర్, వాళ్ల దానిలో ఎర్ర స్టిక్కరుది. కంపెనీల పేర్లు చెప్పను, వాళ్లతో నాకు తగువు లేదు. ప్రాసెసర్ అంటే మిషన్‌కు మెదడు. రెండు మిల్లుల పనీ ఒకేచోట నడపాలంటే, నడుస్తున్న పనిని ఆపకుండా ఒక సర్వర్ మీంచి ఇంకోదాని మీదకు మార్చగలగాలి. దానికి రెండు మెదళ్లూ ఒకే జాతివి కావాలి. అంటే ఒక రంగు ఉండాలి, ఇంకో రంగు పోవాలి. ఏది పోవాలో తేల్చడానికి బెంగళూరు నుంచి ఒక కన్సల్టెంట్ మేడమ్‌ను పిలిపించారు.

మేడమ్ తెలుగావిడే, గుంటూరు వాళ్లు. ఆ సంగతి తెలిసి అన్న మురిసిపోయాడు.

“మన తెలుగామె అచ్చింది. ఇగ మనకేం రంది లేదు తమ్మీ.”

ఆ రంది, ఆ దిగులు ఎంతుందో వారంలో తెలిసింది. రంగు పోవడమంటే రంగుతో పాటు గది కూడా పోవడమే. ఎర్రది నెగ్గితే ఖటోదరా గదికి తాళం వేస్తారు. నన్ను కామ్‌రేజ్‌కు పంపుతారు, నాకు రిటైర్మెంటుకు ఇంకా ఏడాది కూడా లేదు, ఎలాగో గడుపుతాను. అన్నకు మాత్రం అక్కడ చోటు లేదు, వాళ్ల ఎలక్ట్రీషియన్లు వాళ్లకున్నారు. యాభై ఎనిమిదేళ్ల కాంట్రాక్టు మనిషికి సూరత్‌లో ఎవరు పిలిచి పని ఇస్తారు? మళ్లీ మగ్గాల మీదకే. మిగిలిన ఆ ఎడమ చెవి కూడా అక్కడే వదిలేయాలి. ఆ ఆలోచన వస్తే నాకు అన్నం సహించేది కాదు.

మేడమ్ పనిమంతురాలు. మా నాలుగేళ్ల రికార్డంతా తీసి, ఒకరోజు గ్రాఫు చేతిలో పట్టుకుని గదిలోకి వచ్చింది.

“మీ సర్వర్ ప్రతి ఇరవై తొమ్మిది, ముప్పై రోజులకోసారి ఠంచనుగా ఒంటిగంటకు పడిపోతోందండీ. మీరు గమనించలేదా?”

నేను గమనించలేదన్నాను. అన్న ఆమె కేసి కుడి చెవి తిప్పాడు, వినపడని చెవి.

“పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఇంత క్రమశిక్షణగా చెడిపోయే మిషన్‌ను ఎక్కడా చూడలేదండీ,” అని ఆమె నిజంగా ముచ్చటపడింది.

అక్కడి నుంచి పది రోజులు ఆ జబ్బుకు వైద్యం. ఎలుకలేమోనని బోన్లు పెట్టారు. రంగుల ఆవిరేమోనని అద్దాలకు టేపులు వేశారు. నీలం స్టిక్కర్ కంపెనీ నుంచి ఇద్దరు ఇంజనీర్లు విమానంలో దిగి, మిషన్‌ను రెండు రోజులు పరుగులు పెట్టించి, ఇది మా కంటే ఆరోగ్యంగా ఉందని రాసిచ్చి వెళ్లారు. మేడమ్ మాత్రం సర్వర్ వెనక చేరి కుంకుమ బొట్టును ఫోటో తీసింది. రిపోర్టులో దాని కింద ‘ఎర్రటి తుప్పు, కారణం పరిశీలించాలి’ అని రాసింది.

చివరికి ఆమెకు కారణం దొరికింది. ఆమెకు బస నది అవతల అడాజన్‌లో ఇచ్చారు. రోజూ వంతెన మీద తాపీ దాటి వస్తూ నీళ్ల కేసి చూసేది. సముద్రం పోటు తాపీలోకి ఎగదన్నుకొస్తుంది కదా, ఆ పోటు లెక్కలు తెప్పించి మా గ్రాఫు పక్కన పెట్టింది. రెండూ కలిశాయి! పోటు పెరిగిన రోజున భూమిలో తేమ పెరుగుతోంది, ఆ తేమ మా ఎర్తింగ్‌లోకి వస్తోంది, ఆ తేడాను నీలం ప్రాసెసర్ తట్టుకోలేకపోతోంది. ఇదీ సిద్ధాంతం. అందుకే నది పక్క మిల్లులకు ఎర్రదే మేలు. ఎర్తింగ్ సరిగా చూసుకోని ఎలక్ట్రీషియన్‌ది కూడా తప్పే అని చివర్లో ఒక వాక్యం.

ఆ వాక్యం నేను రెండుసార్లు చదివాను. అన్నను వరండాలోకి తీసుకెళ్లి, మేడమ్‌తో నిజం చెప్పేస్తానన్నాను.

“నీకేమన్న పిచ్చి లేసిందా? చెప్పకుండ నాలుగేండ్లు మిషన్ బంద్ జేసినవని నిన్ను ఎల్లగొడుతరు. రిటైరయ్యే ముంగట నీకు గా బద్‌నాం ఎందుకు? నేను ఏడనన్న బత్కుత. మగ్గం నాకు కొత్తనా?”

“చెవి?” అన్నాను.

“పోతె పోనియ్యి. ఇంట్ల మీ వదిన అనేది ఇనపడకుండ ఉంటది.”

నవ్వించాలని అన్నాడు. నేను నవ్వాను కూడా. తరవాత మొహం కడుక్కోవడానికి వెళ్లి అక్కడే చాలాసేపు ఉండిపోయాను.

తేల్చే రోజు రానే వచ్చింది. కామ్‌రేజ్ మిల్లులో పెద్ద బల్ల. ఒక చివర మా సేఠ్, ఇంకో చివర వాళ్ల సేఠ్, మధ్యలో రెండు రకాల లడ్డూలు. మాటలన్నీ హిందీలో సాగాయి, మీకోసం తెలుగులో చెబుతున్నాను. మేడమ్ తెర మీద గ్రాఫు వేసి, నది చూపించి, తుప్పు చూపించి, చంద్రుడి బొమ్మ కూడా చూపించింది. అందరూ తలలూపారు. కామ్‌రేజ్ సేఠ్ సంతకానికి పెన్ను తీశాడు.

మా సేఠ్ ఇంగ్లిష్ చదవలేడు గానీ పంచాంగం బాగా చదువుతాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, తెర మీది తేదీలను వేలితో ఒక్కొక్కటీ సరిచూసుకుని మేడమ్‌ను ‘బెన్’ అన్నాడు, గుజరాతీలో అక్కా అని.

“ఒక్క మాట బెన్. పూనమ్, అదే పున్నమి నాడు కూడా తాపీకి పోటు వస్తుంది కదా?”

“వస్తుందండి,” అంది మేడమ్.

“మరి పూనమ్‌కు మిషన్ పడిపోలేదే. ఇవన్నీ అమాస్ తేదీలే. ఒక్కటి కూడా తప్పలేదు.”

మేడమ్ తన గ్రాఫు వైపు తిరిగి తేదీలు మళ్లీ లెక్కపెట్టింది. మా సేఠ్ మెల్లగా కళ్లజోడు తీసి నావైపు చూశాడు. నాతో పాటు వచ్చి తలుపు దగ్గర నిలబడిన అన్న వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. అయినా లేచాను. భయంలో హిందీ రాలేదు, మేడమ్ వైపు తిరిగి తెలుగులోనే అనేశాను.

“అది జబ్బు కాదు మేడమ్. అమావాస్య సెలవు.”

“సెలవా? ఎవరికండీ?”

“సర్వర్‌కు.”

ఆమె ఆ మాటను హిందీలోకి మార్చి చెప్పడానికి మూడుసార్లు మొదలుపెట్టి ఆగిపోయింది. చివరికి నేనే చెప్పాను. మా ఇంటి మగ్గం, పీకిన వైరు, వరండాలో అగరొత్తి, తుప్పు కాని కుంకుమ, అన్నీ చెప్పాను. తప్పు నాది, అన్న నేను చెప్పిన పని చేశాడంతే అన్నాను. ఉద్యోగం పోయినా సరే అనుకున్నాను, పోతుందనే అనుకున్నాను.

ముందుగా నోరు విప్పింది కామ్‌రేజ్ సేఠ్. నన్నేమీ అనలేదు. తన కంప్యూటర్ మేనేజర్ వైపు తిరిగాడు.

“మరి మన మిషన్ ఎప్పుడు సెలవు తీసుకుంటుంది?”

ఆ మేనేజర్ ఇలాంటి ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నట్టు ఛాతీ విరిచాడు. “సెలవా సేఠ్? మూడేళ్లయింది, ఒక్క సెకను కూడా ఆపలేదు!”

ఆ సేఠ్ పెద్ద భక్తుడు, చీమకు చక్కెర వేయనిదే టీ తాగడు. పెన్ను కింద పెట్టేశాడు. “మూడేళ్లా? ఎద్దుకైనా రాత్రి పూట కాడి దించుతాం కదా! ముందు దాన్ని ఆపండి. ఇప్పుడే ఆపండి.”

మేడమ్ వద్దంది. మేనేజర్ వద్దన్నాడు. నేనూ వద్దన్నాను, నా మాట వినే స్థితిలో ఎవరూ లేరు. సేఠ్ మాట సేఠ్ మాటే. ఆపారు. గంట విశ్రాంతి ఇచ్చి, అందరం లడ్డూలు తిని, మళ్లీ మీట నొక్కాం. లేవలేదు.

మూడేళ్లు ఆగకుండా తిరిగిన మిషన్‌ను ఒక్కసారి ఆపి చల్లారనిస్తే మళ్లీ లేవకపోవడం మా పనిలో వింతేమీ కాదు. కామ్‌రేజ్ మిల్లు మొత్తం చేతులు ముడుచుకుని కూర్చుంది. డిజైన్లు కనపడవు, ఏ చీర ఎవరికి వెళ్లాలో తెలియదు, లారీలు గేటు దగ్గర బారులు తీరాయి. మేనేజర్ కంపెనీకి ఫోన్ చేస్తే మనిషి ఎల్లుండి వస్తాడన్నారు.

అప్పుడు తలుపు దగ్గర నుంచి అన్న ముందుకొచ్చాడు. చెప్పులు విప్పాడు. మిషన్ మూత తీయించి లోపలికి తొంగి చూసి, పెద్దగా నిట్టూర్చాడు.

“అయ్యో పాపం. గిట్ల వెట్టిన్రేంది దీన్ని.”

లోపల ఇనుము కనపడితే ఒట్టు. మిల్లు దూదంతా అక్కడే చేరి పరుపులా పరచుకుంది. కరెంటు పెట్టె ఫ్యాను ఆ దూదిలో కూరుకుని ఊపిరాడక ఆగిపోయింది. అన్న మగ్గాల దుమ్ము ఊదే గాలి గొట్టం తెప్పించి, దూరం నుంచి మెల్లగా, పసిపిల్ల తల ఆరబెట్టినట్టు ఊదాడు. కరెంటు పెట్టె కాలిపోయిందని తేల్చి, ఈ రకానిదే ఇంకోటి స్టోరులో ఉంటుందని వెతికించాడు. అట్టపెట్టె కూడా విప్పకుండా మూడేళ్లుగా అక్కడే ఉంది. అది బిగించి నాకు సైగ చేశాడు. నేను మీట నొక్కాను. ముందు ఫ్యాను కదిలింది, తరవాత దీపాలు వచ్చాయి. ఆ ముసలి మిల్లులో అన్ని చప్పట్లు నేను మళ్లీ వినలేదు. మేడమ్ కూడా కొట్టింది.

ఇక ప్రాసెసర్ సంగతి తేలాలి కదా. మేడమ్ రాత్రికి రాత్రే రిపోర్టు తిరగరాస్తానంది, నీలానిదే ఆరోగ్యమని తేలిపోయింది కాబట్టి నీలమే ఉంచుదామంది. కామ్‌రేజ్ సేఠ్ ఒప్పుకోలేదు.

“మూడేళ్లు సెలవివ్వకుండా చాకిరీ చేయించుకుని ఇప్పుడు బయటికి గెంటేస్తే ఆ పాపం మాకు చుట్టుకుంటుంది. ఎర్రదే ఉంటుంది. కొత్తవి కొన్నా దాని జాతివే కొంటాం.”

మా సేఠ్, మనదైతే నెలనెలా సెలవు తిన్నది కదా, దానికేం లోటు అన్నాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఇన్ని పరీక్షలు, ఇంతమంది ఇంజనీర్లు, ఇన్ని గ్రాఫులు. చివరికి రెండు మిల్లులకూ కలిపి ప్రాసెసర్‌ను ఎంపిక చేసింది జాలి. మేడమ్ దాన్ని రిపోర్టులో ఏ మాటతో రాసిందో నాకిప్పటికీ తెలియదు.

నాకు పడిన శిక్ష, ఎందుకు ఆపానో వంద పేజీల పుస్తకంలో అమావాస్యల వారీగా రాసివ్వడం. రాసిచ్చాను. ఆ తరవాత కొద్ది నెలలకే నేనూ నీలం సర్వరూ ఒకేరోజు రిటైరయ్యాం. ఇద్దరికీ దండలు వేశారు. దాని దండే పెద్దది.

అన్నను కామ్‌రేజ్‌లో పర్మినెంటు చేశారు. సర్వర్ గదికి ఎలక్ట్రీషియన్. ఏం కావాలో అడగమని సేఠ్ అంటే అన్న ఒక్కటే అడిగాడు. “అమాస నాడు మిషన్ పండుకుంటది, నేనే పొద్దుగూకులు నిలబడుత. నాక్కూడ గా దినం సెలవు గావాలె.” నిజమే. ఇంటి దగ్గర అమావాస్య నాడు మగ్గంతో పాటు మనిషీ కూర్చునేవాడు. మేము నాలుగేళ్లు మిషన్‌కు సెలవిచ్చాం గానీ, ఆ నాలుగేళ్లలో ప్రతి అమావాస్యకూ దాని వెనక దుమ్ము దులుపుతూ నిలబడింది మేమిద్దరమే. నాకెప్పుడూ తట్టలేదు. తట్టనందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సేఠ్ సరేనన్నాడు. దుమ్ము దులిపే పని ముందురోజుకు మార్చారు. అన్న లేకపోయినా మిషన్ తనంతట తానే ఆగి గంట తరవాత తనే లేచేలా మేడమ్ బెంగళూరు నుంచి ఏర్పాటు చేసింది. దానికోసం పంచాంగం చూడటం నేర్చుకుందట.

మొదటి అమావాస్య సెలవు రోజున మధ్యాహ్నం అన్నకు ఫోన్ చేశాను. ఇంట్లో కాలు మీద కాలేసుకుని ఉంటాడనుకున్నాను. వెనకాల ఏసీ హోరు వినపడింది.

“ఏడున్నవే అన్నా?”

“గదిల.”

“సెలవు గదా!”

“ఇంట్ల బుద్ధి కాలే తమ్మీ. లేస్తదో లేవదో అని ఒక్కతీరు మనసు గుంజబట్టె. అచ్చి దీని ముందట స్టూలేసుకుని కూసున్న. ఏం పని జేస్తలేను, ఒట్టు. గిది పండుకున్నది, నేను కూసున్న. ఇద్దరం కలిసే సెలవు జేస్కుంటున్నం.”